గొంతు నాది

ఏప్రిల్ 6

ఈ పుస్తకం అల్లుడు తెచ్చి ఇచ్చాడు. "లోపలే పెట్టుకుంటే కుళ్లిపోతుంది మామయ్యా, ఇందులో కక్కేయండి" అన్నాడు. బస్సుల ఇంజన్లు విప్పి బిగించేవాడు. వాడికి మనుషులు కూడా అలాగే కనిపిస్తారు. మసి పట్టింది, కడిగితే పోతుంది అనుకుంటాడు.

నేను చదివింది నాలుగో తరగతి. అదీ సగమే. ఆ తరువాత రాయాల్సిన అవసరం రాలేదు, నోరుండేది. టోకు కూరగాయల మార్కెట్లో వేలం పాట నాదే. బుట్టల మధ్య నిలబడి ఒకటోసారి అన్నానంటే గేటు బయట టీ తాగుతున్న లారీ డ్రైవరు గ్లాసు దించి వినేవాడు.

చలికాలంలో మెడ ముందున్న గడ్డ తీయించుకున్నాను. డాక్టరు చేత్తో నొక్కి చూసి, "చిన్న పని పెద్దాయనా, తీసేస్తే హాయిగా ఉంటారు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను సరేనన్నాను. మెలకువ వచ్చాక నర్సుని మంచినీళ్లు అడిగాను. ఆవిడ తిరిగి చూడలేదు. మళ్లీ అడిగాను. నేను అడిగింది నాకే వినిపించలేదని అప్పుడు తెలిసింది.

గడ్డ తీస్తానన్నాడు, తీశాడు. గొంతు కూడా పట్టుకుపోతానని చెప్పలేదు.

కక్కడానికి రాయడం లేదు. మర్చిపోకుండా ఉండటానికి రాస్తున్నాను. కోపం పాలపొంగు అంటారు. నాది పాలు కాదు.

ఏప్రిల్ 7

గొంతు రాలేదు.

ఏప్రిల్ 11

మా అమ్మాయి పలక కొనుక్కొచ్చింది. మందుల షాపులో పని దానికి. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచి నా ఇల్లు, నా తిండి, నా మాత్రలు అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. పలక ఇస్తూనే మళ్లీ అదే పాట.

"ఇది ఊరికే తెచ్చాను నాన్నా. నువ్వు మాట్లాడు. ఎంత వస్తే అంత. ఆర్నెల్లలో దానంతటదే రావచ్చన్నారు కదా."

పలక మీద రాసి చూపించాను. రాదు.

నిజానికి ఏదో వస్తుంది. స్నానాల గదిలో పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో చూశాను. సిమెంటు నేల మీద బస్తా ఈడ్చినట్టు ఒకటి వచ్చింది. అది గొంతు కాదు. దాన్ని ఎవరికీ వినిపించను. కాబట్టి రాదని చెప్పడంలో అబద్ధమేమీ లేదు.

ఏప్రిల్ 19

మార్కెట్‌కి వెళ్లాను.

నా చోట మైకు పెట్టారు. మైకు వెనకాల ఒకడు. పిట్టంత గొంతు వాడిది, గుటక మింగితే అది కూడా మార్కెట్ అంతా వినిపిస్తోంది. ధర పెంచేవాడు, సరుకు కొనేవాడు, ఎవడూ వాడి మొహం చూడటం లేదు. కమీషన్ షావుకారు నన్ను చూసి "రండి పెద్దాయనా, రండి, కూర్చోండి" అని కుర్చీ వేయించాడు. ఇన్నేళ్లలో ఆ మార్కెట్లో నాకు కుర్చీ వేసినవాడు లేడు. కుర్చీ వేశాడంటే పని అయిపోయిందన్నమాట.

ఉల్లిపాయల హమాలీ ఒకడు పళ్లికిలించాడు. "ఏం తాతా, నోరు తాకట్టు పెట్టావా?"

వాడికి జవాబు నా నాలుక చివరే ఉంది. అక్కడే ఉండిపోయింది. పలక తీసి రాసేలోపు వాడు వెళ్లిపోయాడు. తిట్టు రాసి చూపించడమంత సిగ్గులేని పని ఇంకొకటి లేదు.

మూడుసార్లు పిలవనిదే నేను ఎవడి బుట్టనీ కదలనివ్వలేదు. రెండోసారి, రెండోసారి అని సాగదీసి, మూలనున్నవాడు కూడా తల ఊపాడో లేదో చూసి అప్పుడు మూడోసారి అనేవాణ్ని. ఆ డాక్టరు నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. వాడికి ముందే తెలుసు. తెలియకుండా కత్తి పట్టుకుంటాడా?

నాకు డబ్బు వద్దు. "నాకు తెలుసు, చెప్పలేదు" అని వాడి నోటితో, నలుగురూ వింటుండగా అనిపించాలి. అది అనిపించకుండా చావను.

ఏప్రిల్ 27

ఆసుపత్రి హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ముసలివాడు ఆసుపత్రిలో కూర్చుంటే ఎందుకని అడిగేవాడు లేడు. గోడకున్న కుర్చీలాగే చూస్తారు.

వాడి తలుపు మీద పేరు, పేరు వెనకాల తోకలా డిగ్రీలు. జనం లోపలికి వెళ్తున్నారు, బుడగలో గాలి తీసినంతసేపట్లో బయటికి వస్తున్నారు. ప్రతివాడి చేతిలో కాగితం. ఒకణ్ని పలక మీద అడిగాను, ఏమన్నాడు అని. "ఆపరేషన్ అన్నారు." ఏ ఆపరేషన్? "ఏమో తాతా, పెద్ద డాక్టరు గదా, ఆయనకి తెలుసు."

ఆయనకి తెలుసు. అదేగా నా ఏడుపు.

మే 4

పగ ఎలా తీర్చుకోవాలో తెలిసింది. వాడి పొయ్యి మీద నీళ్లు పోయాలి. రోగులు బెదిరి పారిపోవాలి. పలక మీద పెద్దక్షరాలతో రాసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను:

నా గొంతు పోయింది. నాకు ముందు చెప్పలేదు. మీది ఏం పోతుందో అడగండి.

రాయడానికి పొద్దున్నంతా పట్టింది. 'పోతుందో' దగ్గర రెండుసార్లు తుడిచాను.

మొదట ఒకావిడ చదివింది. పక్కావిడకి చదివి వినిపించింది. తరువాత బెంచీ బెంచీ అంతా గుసగుస. నాకు కడుపు నిండినట్టయింది.

మే 11

లావు నర్సమ్మ వచ్చింది. ఆ హాలుకి ఆవిడే పోలీసు.

"తాతగారూ, ఏంటిది? జనాన్ని భయపెడుతున్నారట?"

రాశాను: అబద్ధం ఏదో చూపించు.

చదివింది. ఇంకోసారి చదివింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇక్కడ గాలి కొడుతుంది, ఆ మూలకి జరగండి" అంది. ఆ మూల డాక్టరు తలుపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఈవిడ నా పక్షమో కాదో తెలియలేదు. ఆ డాక్టరు వెనకాల తిరిగి తిరిగి కాళ్లు నొప్పులు పుట్టి, ఎవరో ఒకరు వాడిని నిలదీస్తే చాలనుకునే రకంలా ఉంది.

మే 25

బాగా జరుగుతోంది. లోపలికి వెళ్లినవాళ్లు త్వరగా రావడం లేదు. అడుగుతున్నారు. తీయకపోతే ఏమవుతుంది, తీస్తే ఏం పోతుంది, కోసేది మీరేనా, ఇంకెవరైనానా. హాలు నిండిపోయింది. ఇదివరకు భోజనాల వేళకి ఖాళీ అయ్యే బెంచీలు ఇప్పుడు పొద్దు గుంకేదాకా కదలడం లేదు. మధ్యాహ్నం తలుపు తీసి బయటికి చూశాడు. మొహం వాడిపోయి ఉంది. నా పలక చదివాడు. తలుపేసుకున్నాడు.

ఇంటికొచ్చి కడుపారా తిన్నాను. మా అమ్మాయి "ఎక్కడికి వెళ్తున్నావు నాన్నా రోజూ?" అంది. షికారు అని రాశాను.

జూన్ 2

రొట్టెల కొట్టు ఆవిడ అని ఒకావిడ వస్తోంది. నాకున్నట్టే గడ్డ. పొద్దున్నే కొట్టు ముందు నిలబడి అరిచి అమ్ముకునే మనిషి. నాలాంటిదే. ఆవిడని మాత్రం వదలకూడదనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద పలక రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది. ఆవిడ రంగు మారిపోయింది.

"నేను చేయించుకోను బాబాయ్" అంది. "గొంతు లేకపోతే నా రొట్టె కుక్క కూడా కొనదు."

వెళ్లి ఆ మాట వాడి మొహానే చెప్పు అని రాశాను.

జూన్ 9

ఒళ్లు మండిపోతోంది.

రొట్టెల కొట్టు ఆవిడ పొట్లం నిండా రొట్టెలు పట్టుకొచ్చింది. నవ్వుతూ వచ్చింది. "నీ పుణ్యమే బాబాయ్. నువ్వు చెప్పకపోతే అడిగేదాన్నే కాదు. బొమ్మ గీసి చూపించారు. నరం ఎక్కడుంటుంది, ఎలా తెగొచ్చు, గొంతు ఎంత పోవచ్చు, అంతా. ఆగితే ఏమవుతుందో కూడా చెప్పారు. నీకేం కావాలో ఇంటికెళ్లి ఆలోచించుకుని రా అన్నారు. ఆలోచించుకున్నా. చేయించుకుంటా. ఎంత మంచి డాక్టరు!"

మంచి డాక్టరు!

ఆ రొట్టెలు హాల్లో పంచేశాను. నేను ముట్టలేదు. వాడి కొంప కూలుద్దామని మొదలుపెట్టినది వాడికి పేరు తెచ్చిపెడుతోంది. నేను రాళ్లు వేస్తుంటే వాడు గోడ కట్టుకుంటున్నాడు.

జూన్ 10

వెళ్లలేదు.

జూన్ 16

మళ్లీ వెళ్లాను. పగ మానుకుంటే ఇక నాకేం మిగిలింది, మాత్రలు తప్ప.

సాయంత్రం హాలు ఖాళీ అవుతుంటే నర్సమ్మ వచ్చి "పిలుస్తున్నారు" అంది. గుండె దడదడలాడింది. భయం కాదు. వేలంలో ఇద్దరు మొండివాళ్లు ఎదురుపడినప్పుడు కూడా అలాగే కొట్టుకునేది.

"కూర్చోండి" అన్నాడు. కూర్చోలేదు.

"నా మీద పగబట్టారు."

ఔను అని రాశాను.

"మీ వల్ల పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నాకు తెమలడం లేదు."

సంతోషం అని రాశాను. ఒకసారి నవ్వబోయి మానేశాడు. దగ్గర్నుంచి చూస్తే చిన్నవాడే, మా అల్లుడి వయసు. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఆ గడ్డ తీసేటప్పుడు గొంతు పలికించే నరం దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. నాకు తెలుసు. మీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

నేను తలుపు వైపు చెయ్యి చూపించాను. నలుగురిలో అనాలి. వాడికి అర్థమైంది. లేచి తలుపు బార్లా తీశాడు. మిగిలిపోయిన జనం, చీపురు పట్టుకున్న ఆయా, నర్సమ్మ. "ఈయన గొంతు పోవచ్చని నాకు తెలుసు. ఈయనకి చెప్పకుండా ఆపరేషన్ చేశాను. అది తప్పు" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను. మూడోసారి. సుత్తి దెబ్బ పడింది. ఇంటికెళ్లి పడుకుందామని తిరిగాను.

వాడు తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "ఇంకొకటి ఉంది. దాచితే మళ్లీ అదే తప్పు చేసినట్టు. మీ అమ్మాయితో చెప్పాను. 'నాన్నకి చెప్పకండి, చెబితే రాడు' అన్నారు. ఇంట్లోవాళ్లు అలా అనడం మాకు రోజూ ఉండేదే. నాకూ తేలికనిపించింది. ఆవిడని అనకండి. గొంతు మీది. అడగాల్సింది మిమ్మల్ని."

జూన్ 17

రాయను.

జూన్ 19

అది వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. పలక దాని మొహం ముందు పెట్టాను. నీకు తెలుసా?

చదివింది. పంపు కట్టేసింది. చేతులు తుడుచుకుంది. అబద్ధమాడుతుందేమో అనుకున్నాను. ఆడితే బాగుండేది.

"తెలుసు నాన్నా."

పలక ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాను.

"నిద్రలో నీకు ఊపిరి ఆగిపోయేది. ఆ గడ్డ లోపలికి నొక్కేస్తోందన్నారు. నీ గది గుమ్మంలో నిలబడి, మళ్లీ ఎప్పుడు తీసుకుంటావా అని చూస్తూ ఉండేదాన్ని. గొంతు పోవచ్చని చెబితే నువ్వు ఆపరేషన్‌కి వచ్చేవాడివా?"

రాను.

"అందుకే."

తుడిచి రాశాను. నా చావు నా ఇష్టం.

"నీ ఒక్కడి ఇష్టమేనా?" అంది. ఇక గొంతు లేచింది. దానిది మంచి గొంతు, వీధి చివరికి వినిపిస్తుంది. "నువ్వు పోతే ఏడ్చేది ఎవరు, ఆ మార్కెట్లో బుట్టలా?"

అల్లుడు మధ్యలో దూరాడు. "మామయ్యా, ఆవిడ చెప్పింది నిజం. అది గురక కాదు."

గురకే.

జూన్ 20

డాక్టరు పరాయివాడు. పరాయివాడు గొంతు కోస్తే ఊరు తిరిగి తిట్టొచ్చు. ఇంట్లోవాళ్లు కోస్తే ఎక్కడికి పోయి తిట్టాలి?

జూలై 3

దానితో పలక కూడా మానేశాను. అది అడిగినదానికి తల కూడా ఊపను. కంచం పెడుతుంది, తింటాను. మాత్ర ఇస్తే పేరు చూసి, అల్లుణ్ని ఇది దేనికని అడిగి, అప్పుడు వేసుకుంటాను. అది చూస్తుండగానే అడుగుతాను. దాని మొహం ముడుచుకుపోతుంది. ముడుచుకోనీ.

జూలై 18

ఇవాళ గుమ్మం దగ్గర నిలబడి "తిట్టు నాన్నా, పోనీ రాసైనా తిట్టు" అంది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆగస్టు 8

డాక్టరు రమ్మన్నాడు. అమ్మాయిని తీసుకెళ్లలేదు.

అద్దం పెట్టి గొంతులోకి చూశాడు. మాట పలికించే తీగలు రెండింటిలో ఒకటి కదలకుండా పక్కకి ఒరిగిపోయిందట. ఇక దానంతటది రాదట. మెడకి చిన్న గాటు పెట్టి, లోపల గోరంత ముక్క అమర్చి ఆ తీగని మధ్యకి జరిపితే కొంత గొంతు రావచ్చట.

ఎంత అని రాశాను.

"ఎదురుగా కూర్చున్నవాళ్లకి వినిపించేంత. వేలం పాటకి చాలదు. అసలు రాకపోవచ్చు కూడా. పూర్తి మత్తు ఇవ్వం, మెడ మాత్రం మొద్దుబార్చి, మీతో మాట్లాడిస్తూనే చేస్తాం. తరువాత లోపల వాపు రావచ్చు. అరుదుగా, ఊపిరి మూసుకుపోయేంత వస్తుంది. అప్పుడు మెడకి చిల్లు పెట్టి గొట్టం వేయాలి. చేయించుకోకపోయినా ప్రాణానికి ముప్పేమీ లేదు. మీ ఇష్టం."

మళ్లీ చెప్పు అని రాశాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఇంకోసారి అని రాశాను. వాడు గడియారం చూడబోయి ఆగిపోయాడు. మూడోసారి కూడా చెప్పాడు, ఒక్క ముక్క మింగకుండా. అంత సుఖం నేను ఈ మధ్య ఎరగను.

చేయించుకుంటాను, మా అమ్మాయికి చెప్పొద్దు అని రాశాను. అది ఆసుపత్రి నుంచి ఫోను వస్తే తెలుసుకోవాలి. అందరికంటే ఆఖర్న తెలియడం ఎలా ఉంటుందో దానికీ తెలియాలి.

"చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు" అన్నాడు. "కానీ ఒకటి తేల్చండి. వాపు వచ్చి మీరు స్పృహలో లేకపోతే, ఆ తరువాత ఏం చెయ్యాలో మీ తరఫున చెప్పే మనిషి ఎవరు? అది మీరే ముందుగా చెప్పాలి."

పలక చంకలో పెట్టుకుని లేచి వచ్చేశాను.

ఆగస్టు 12

అల్లుణ్ని అడిగాను. పలక చదివి బిక్కచచ్చిపోయాడు. "చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు మామయ్యా. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి, ఆవిడ అవే చూస్తుంది." పనికిరాడు. మంచివాడే, పనికిరాడు.

షావుకారు? కుర్చీ వేసినవాడు. వాడు నన్ను అప్పుడే తూకం వేసి పక్కన పెట్టేశాడు.

రొట్టెల కొట్టు ఆవిడ ఉంది. ఆవిడకి నేనెవర్ని, బాబాయ్ అని పిలిచినంత మాత్రాన?

ఆగస్టు 15

ఎవరూ లేరు.

ఆగస్టు 21

రాసేస్తున్నాను. నాకు మాట రానప్పుడు నా మాట చెప్పగలిగేది అదొక్కతే. నా మొండితనం, నా నోరు, దేనికి భయపడతానో, దేనికి భయపడనట్టు నటిస్తానో, అన్నీ దానికే తెలుసు. కానీ చెప్పాల్సింది నా మాట. దాని మాట కాదు. పోయినసారి దాని మాట చెప్పింది.

క్షమించలేదు. ఈ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆగస్టు 26

దాన్ని తీసుకుని వెళ్లాను. ఎక్కడికో చెప్పలేదు. ఆసుపత్రి గేటు చూడగానే నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

డాక్టరు అంతా చెప్పాడు. తీగ, ముక్క, వాపు, చిల్లు, ఏదీ వదల్లేదు. నేను దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. వాపు దగ్గర నోరు తెరిచింది. చిల్లు దగ్గర పెదవి కొరుక్కుంది.

"అలాంటి పరిస్థితి వస్తే మీ నాన్నగారి తరఫున మీరు చెప్పాలి. ఆయన మీ పేరు చెప్పారు. గొట్టం వేయాల్సి వస్తే..."

"వేసేయండి డాక్టరుగారూ, ముందు ప్రాణం..." అని ఆగింది.

డాక్టరు పెన్ను కదల్లేదు. అది నా వైపు తిరిగింది. ఈ మాట చలికాలంలో అడగాల్సింది. ఇప్పుడు అడిగింది.

"నాన్నా. నీకేం కావాలి?"

పలక పక్కన పెట్టాను. బస్తా ఈడ్చినట్టు వచ్చినా సరే అనుకున్నాను.

"రేపు చెబుతా."

అప్పటిదాకా అది నా ఈ గొంతు వినలేదు. దాని మొహం చూడాలి. ఎవరో ఎత్తు మీద నుంచి తోసినట్టు అయిపోయింది. తనేం ఒప్పుకుందో అప్పుడు వినిపించింది దానికి. డాక్టరు బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నాడు, సర్దడానికి ఏమీ లేకపోయినా.

జవాబు నా దగ్గర ఉంది. అప్పుడే చెప్పొచ్చు. ఈ రాత్రి అది నిద్రపోకూడదని చెప్పలేదు.

ఆగస్టు 27

నాకూ పట్టలేదు.

తెల్లవారి వంటింట్లోకి వెళ్లాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి, టీ కాస్తోంది. నిలబడే చెప్పాను, ఆ పాడు గొంతుతోనే, ఊపిరి అందక ఆగి ఆగి. ఊపిరి ఆగిపోతే చిల్లు పెట్టనివ్వు. గొట్టం వేయనివ్వు. కానీ ఇక మెలకువ రాదని వాళ్లు అంటే తీసేయమను, ఏడుస్తూ కూర్చోకు.

తిరిగి చెప్పు అన్నాను. చెప్పింది. ఒక మాట తప్పింది, మళ్లీ చెప్పించాను.

"ఇంకొకటి" అన్నాను. "నాకు స్పృహ తప్పితే, మెలకువ వచ్చాక నా ఒంటికి ఏం చేశారో, ఏం పోయిందో, నువ్వే చెప్పాలి. డాక్టరు కాదు, నర్సు కాదు. నా మొహం చూసి నువ్వే."

"చెబుతా."

"నేను తిడతాను."

ముక్కు తుడుచుకుంది. "తిట్టు నాన్నా. గొంతుంటే తిట్టు."

ఆపరేషన్ వచ్చే వారం. ఏమేం తిట్టాలో ఇప్పటి నుంచే కూడబెట్టుకుంటున్నాను.